శ్రీశైలం రోడ్డులో అడవి మధ్య వెనక టైర్ పంక్చర్ అయితే మీరు ఏం చేస్తారు?

ఉప్పల్_బుల్లెట్
శ్రీశైలం నుంచి తిరిగొస్తుంటే వటవర్లపల్లి దాటాక బండి వెనక నుంచి ఊగడం మొదలైంది, దిగి చూస్తే టైర్‌లో గాలి సున్నా. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350, స్పోక్ చక్రాలు, అంటే టైర్ లోపల విడిగా ట్యూబ్ ఉండే రకం. ఫోన్‌లో సిగ్నల్ లేదు, చీకటి పడుతోంది, తొమ్మిదికి అడవి రోడ్డు గేట్లు మూసేస్తారు. చివరికి ఖాళీగా వస్తున్న ట్రాలీ అతను బండి ఎక్కించుకుని మన్ననూరులో దించాడు, ఎంత తీసుకున్నాడో మాత్రం అడక్కండి. బీమాతో పాటు రోడ్డు సాయం కోసం అదనంగా కట్టాను కదా అని సిగ్నల్ వచ్చాక ఫోన్ చేస్తే, ఆ ఏరియాలో మాకు మనిషి లేడు సార్, పొద్దున చూద్దాం అన్నారు. పొద్దున దాకా నేనేం చేయాలో మాత్రం చెప్పలేదు.
ట్యూబ్ టైర్ ఉన్నవాళ్లు ఇలాంటి చోట్లకి ఏం పట్టుకెళ్తారు? ఆన్‌లైన్‌లో ఏ కిట్ చూసినా ట్యూబ్‌లెస్‌దే. అసలు రోడ్డు పక్కన వెనక చక్రం ఇప్పడం ఒక్క మనిషి వల్ల అయ్యే పనేనా?

గాలి_గోపురం
అక్కడ పులులున్నాయి కదా, వెనక నుంచి ఒకటి వస్తే బండి అదే పరిగెత్తేది.

చందానగర్_చైన్
అల్లాయ్ వీల్స్ వేయించు, ట్యూబ్‌లెస్ టైర్లు వేయించు, గొడవ వదిలిపోతుంది. ఈ రోజుల్లో ట్యూబ్ ఏంటి అన్నా.

పానా_పంతులు
చందానగర్, ఆయన అడిగింది అది కాదు. పైగా ఒక సెట్ అల్లాయ్‌లు, రెండు టైర్ల ఖర్చుతో ఎన్ని ట్రాలీలు ఎక్కొచ్చో లెక్కేసుకో.

ఉప్పల్, ఒక్కడి వల్ల అవుతుంది. క్లాసిక్‌కి సెంటర్ స్టాండ్ ఉంది కాబట్టి సగం కష్టం తప్పినట్టే, అది లేని బండ్ల వాళ్లు రాళ్లు వెతుక్కుంటూ తిరగాలి. కాకపోతే వెనక మడ్‌గార్డ్ కిందికి ఉంటుంది, చక్రం బయటికి లాగేటప్పుడు తగులుతుంది. అందుకే స్టాండ్ వేసే ముందు దాని కాళ్ల కింద ఒక చెక్కో పలక రాయో పెట్టి లేపాలి.
కానీ అసలు సంగతి వేరు, చాలాసార్లు చక్రం ఇప్పక్కర్లేదు. మేకు ఎక్కడ దిగిందో కంటికి కనిపిస్తే ఆ చోట సుద్దతోనో టేపుతోనో గుర్తు పెట్టుకో. వాల్వ్ పిన్ తీసి మిగిలిన గాలి వదిలెయ్, టైర్ అంచుని కాలితో తొక్కి రిమ్ నుంచి ఊడగొట్టు, ఒక పక్క మాత్రమే లివర్లతో, అంటే టైర్ ఊడదీసే ఇనుప పట్టీలతో, పైకి తీసి ఆ చోట ట్యూబ్‌ని బయటికి లాగు. అక్కడే గీకి, సొల్యూషన్ రాసి, ప్యాచ్ వేసి లోపలికి తోసెయ్. యాక్సిల్ ముట్టుకోలేదు, చైన్ ముట్టుకోలేదు, బ్రేక్ ముట్టుకోలేదు.
మేకు కనిపించకపోతే, లేదా ట్యూబ్ వాల్వ్ మొదట్లో చిరిగితే, అప్పుడు చక్రం దింపక తప్పదు. ఆ చిరుగు మీద ప్యాచ్ నిలవదు, కొత్త ట్యూబే వేయాలి.

అర్ధరాత్రి_డెలివరీ
పంతులు గారు చెప్పింది కరెక్ట్, మా అడ్డా దగ్గర పంక్చర్ కాకా కూడా చక్రం ఇప్పకుండానే కొడతాడు. ఒకటి మాత్రం కలపాలి. ముల్లు అయితే ప్యాచ్ వేసి ఊరుకోవద్దు. సర్కారు తుమ్మ ముల్లు గుచ్చుకుంటే బయట కొస విరిగిపోయి పైకి ఏమీ కనిపించదు, లోపల మాత్రం అలాగే నిలబడి ఉంటుంది. కొత్త ట్యూబ్ వేసినా నాలుగు కిలోమీటర్లకి అదే ముల్లు మళ్లీ గుచ్చుతుంది. టైర్ లోపల చేతి రుమాలు చుట్టూ తిప్పితే దారం పట్టుకుంటుంది, అక్కడే ఉంటుంది ముల్లు. ఒట్టి వేళ్లతో తడమకు, వేలు కోసుకుంటుంది.

ఉప్పల్_బుల్లెట్
నాది మేకే. అంగుళం ఉంటుంది. అడవి మధ్యలో మేకు ఎలా వచ్చిందో నాకు అర్థం కాలేదు.

అర్ధరాత్రి_డెలివరీ
అడవిలో గుచ్చుకుందని ఎవరు చెప్పారు? తుక్కుగూడలోనో కడ్తాల్‌లోనో దిగి ఉంటుంది. ట్యూబ్‌లో మేకు ఒక్కోసారి రంధ్రాన్ని అదే మూసేసి నిలబడుతుంది, గాలి మెల్లగా పోతుంది. మేం తిరిగే కోకాపేట, ఆదిబట్ల వైపు కట్టడాలు ఎక్కువ కదా, సెంట్రింగ్ మేకులు, బైండింగ్ వైరు ముక్కలు రోడ్డు నిండా. పొద్దున బండి తీసేటప్పుడు రెండు టైర్లూ ఒకసారి చుట్టూ చూసుకోవడం మాకు అలవాటైపోయింది.

గాలి_గోపురం
పంక్చర్ షాపువాళ్లే చల్లుతారని మా బావ గట్టిగా నమ్ముతాడు. షాపు కనిపించగానే బండి దిగి నడిపించుకుంటూ వెళ్తాడు.

పానా_పంతులు
నడిపిస్తే మేకు దిగదా ఏంటి? మీ బావకి చెప్పండి, ఇసుక లారీల వెనకా రేకుల లోడు ట్రాక్టర్ల వెనకా పోకుండా ఉంటే చాలు. వర్షం పడ్డాక రోడ్డు అంచుల్లోకి కొట్టుకొచ్చేవి కూడా ఎక్కువే.

అచ్చంపేట_కుర్రాడు
మాది అటువైపే కాబట్టి చెప్తున్నా. మన్ననూర్ చెక్‌పోస్టు నుంచి దోమలపెంట దాకా అమ్రాబాద్ టైగర్ రిజర్వ్, రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేట్లు బంద్. ఆ మధ్యలో షాపు ఉంటుందని ఆశ పెట్టుకోవద్దు. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు అచ్చంపేట వైపు రోడ్డు చీలే హాజీపూర్ దగ్గరో, అంతకుముందు కల్వకుర్తిలోనో గాలి చూపించుకుని రండి, ఆ తర్వాత ఏం జరిగినా మీ చేతిలో ఉన్నదే.
ఇంకోటి. బండి ఆగిపోతే మలుపులో ఆపకండి, బస్సులు లోపలి నుంచి కోస్తాయి. కొంచెం తిన్నగా ఉన్న చోటికి తోసుకెళ్లి అప్పుడు చూసుకోండి. చీకటి పడే టైమ్ అయితే రిపేరు ప్రయోగాలు వద్దు, కనబడిన మొదటి బొలెరోకి చెయ్యెత్తండి. ఉప్పల్ అన్న చేసింది కరెక్టే. ఎవరూ ఆగకపోతే శ్రీశైలం ఆర్టీసీ బస్సు డ్రైవర్‌కి చెప్పినా చాలు, ముందు చెక్‌పోస్టులో చెప్తాడు, ఫారెస్ట్ వాళ్లకి కూడా రాత్రి ఎవరూ లోపల ఉండిపోవడం ఇష్టం ఉండదు.

ఉప్పల్_బుల్లెట్
థాంక్స్ తమ్ముడూ. బస్సు ఆలోచన నిజంగా తట్టలేదు.

నల్లమల_నడక
సిగ్నల్ గురించి ఒక మాట. మీ సిమ్‌కి గీతలు లేకపోయినా 112 కొట్టి చూడండి, వేరే కంపెనీ టవర్ అందితే దాని మీద కలుస్తుంది. ఏ టవరూ లేని చోట మాత్రం అదీ పని చేయదు. నేనైతే మన్ననూరులో ఆగి ఇంట్లో ఒకరికి, ఇన్నింటికి దోమలపెంట దాటతాను అని మెసేజ్ పెట్టి లోపలికి వెళ్తాను.

చందానగర్_చైన్
ఇంత తతంగం ఎందుకు? టైర్‌లో సీలెంట్, అదే చిల్లులు పూడ్చే జిగురు ద్రవం, పోయించుకోండి, మేకు దిగినా అదే మూసుకుంటుంది. 400 రూపాయల బాటిల్.

పానా_పంతులు
మళ్లీ మొదలు. ట్యూబ్‌లెస్‌లో చిన్న మేకుకి అది పని చేస్తుంది, ఒప్పుకుంటాను. ట్యూబ్‌లో నమ్మకం తక్కువ, మేకు కదిలి ట్యూబ్ చీలితే సీలెంట్ ఏం చేస్తుంది? టైర్‌కీ ట్యూబ్‌కీ మధ్య కారిపోయి జిగురు జిగురు అవుతుంది. ఆ తర్వాత ప్యాచ్ వేద్దామన్నా అతుక్కోదు. ఏ పంక్చర్ షాపులో అయినా అడగండి, సీలెంట్ పోసిన టైర్ తెస్తే మొహం ఎలా పెడతారో.

చందానగర్_చైన్
నా బండికి పోయించాను, ఇప్పటిదాకా ఏమీ కాలేదు.

అర్ధరాత్రి_డెలివరీ
అన్నా, మేకు దిగలేదేమో.

చేతక్_తాతయ్య
మీ తరం ఇబ్బందులు చూస్తే నవ్వొస్తోంది. మా చేతక్‌కి వెనక స్టెప్నీ ఉండేది. ముందు వెనక రెండు చక్రాలూ పదంగుళాలవే, ఏది పోయినా అదే ఎక్కేది. ఒక పక్కకి వంచి, నట్లు తీసి, మార్చి, చేతులు తుడుచుకుని వెళ్లిపోయేవాళ్లం. నేను నిజాంసాగర్ దాకా ఆ స్కూటర్ మీదే సంసారాన్ని వేసుకుని వెళ్లేవాణ్ణి. ఇప్పుడు లక్షన్నర బండి కొని రోడ్డు మీద నిలబడతారు.

గాలి_గోపురం
తాతయ్యా, స్టెప్నీలో గాలి ఉండేదా? మా నాన్న ప్రియా స్టెప్నీ అలంకారానికే.

చేతక్_తాతయ్య
అది నిజమే. చాలామంది మర్చిపోయేవాళ్లు. ఇంకో జాగ్రత్త కూడా ఉండేది, ఆ రిమ్ రెండు ముక్కలు, బోల్టులతో బిగించి ఉండేది. గాలి పూర్తిగా తీయకుండా ఆ నట్లు విప్పితే రెండు ముక్కలూ ఎగిరి మొహం మీదికి వస్తాయి. తెలియని పిల్లలు అలా దెబ్బ తగిలించుకున్న వాళ్లున్నారు. ఇంకా ఎవరింట్లోనైనా పాత స్కూటర్ ఉంటే గుర్తు పెట్టుకోండి.

స్కూటీ_అక్క
ఇక్కడ అందరూ బుల్లెట్ గురించే మాట్లాడుతున్నారు, మాలాంటి స్కూటర్ వాళ్లు కూడా అడవులకి వెళ్తారండీ. నాది యాక్టివా 6జీ, ట్యూబ్‌లెస్. అనంతగిరి నుంచి దిగుతుంటే వెనక టైర్‌లో స్క్రూ దిగింది, నేనే ప్లగ్, అంటే రంధ్రంలో దూర్చే జిగురు వత్తి, వేసుకుని వికారాబాద్ వచ్చాను. స్టాండ్ వేసి చక్రం తిప్పుతూ స్క్రూని సైలెన్సర్ లేని వైపు, చెయ్యి పట్టే చోటికి తెచ్చుకోవాలి. సైలెన్సర్ వేడిగా ఉంటుంది, కాస్త ఆగాక మొదలుపెట్టండి.
కిట్‌లో రెండు సూదులు ఉంటాయి. ఒకటి ఆకురాయిలా గరుకుగా ఉంటుంది, రంధ్రాన్ని శుభ్రం చేయడానికి. రెండోదానికి కంటి లాంటి చీలిక ఉంటుంది, జిగురు వత్తిని అందులోకి మధ్యకి లాగి, సొల్యూషన్ రాసి, మేకు దిగిన కోణంలోనే లోపలికి గుచ్చి ఒక్క ఊపుతో సూదిని వెనక్కి లాగేయాలి. వత్తి లోపల ఉండిపోతుంది, రెండు కొసలూ బయట ఉంటాయి, కొంచెం వదిలి కత్తిరించాలి. వీడియోల్లో సులువుగా కనిపిస్తుంది, గరుకు సూది దించడానికి మాత్రం ఒళ్లంతా బరువు వేయాలి. నేను మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో తిప్పాను.

ఉప్పల్_బుల్లెట్
అక్కా, స్క్రూ పీకేశాక గాలి మొత్తం పోతుంది కదా, టెన్షన్ అనిపించలేదా?

స్కూటీ_అక్క
చేతిలో అన్నీ సిద్ధంగా పెట్టుకుని అప్పుడు పీకాను. వత్తిని సూదిలోకి ఎక్కించాక పీకితే కంగారు ఉండదు.

పానా_పంతులు
అక్క చెప్పిన దాంట్లో అందరూ తప్పు చేసేది ఇక్కడే. మేకు కనిపించగానే కోపంతో పీకేస్తారు. ట్యూబ్‌లెస్‌లో మేకు అలాగే ఉంటే గాలి మెల్లగా పోతుంది, మధ్యలో గాలి కొట్టుకుంటూ ఒక ఊరు దాకా చేరొచ్చు. చేతిలో కిట్ లేకపోతే మేకు ముట్టుకోవద్దు. ట్యూబ్ టైర్‌లో దీనికి తిరకాసు ఉంది, మేకు ఉంచి నడిపితే అది ట్యూబ్‌ని రెండో వైపు కూడా పొడవచ్చు. అలాగే టైర్ పక్క గోడలో, అంటే రోడ్డుకి తగలని చోట రంధ్రం పడితే ప్లగ్ వేసుకుని హైదరాబాద్ దాకా వచ్చేస్తా అనుకోవద్దు. ఆ చోటు ప్రతి చుట్టుకీ వంగుతుంది, ప్లగ్ ఊడుతుంది. అది టైర్ మార్చాల్సిన కేసు.

చందానగర్_చైన్
సరే, గాలి సంగతి? ప్లగ్ వేసినా ప్యాచ్ వేసినా అడవిలో గాలి ఎవడు కొడతాడు?

అర్ధరాత్రి_డెలివరీ
సైకిల్ పంపు. బైక్ వాల్వ్, కారు వాల్వ్ ఒకటే రకం, ఆ మూతి పట్టే పంపు అయితే చాలు. చెమట పడుతుంది అంతే.

నల్లమల_నడక
చార్జింగ్‌తో నడిచే చిన్న పంపులు వస్తున్నాయి, నేను అదే వాడతాను. ప్రెషర్ నంబర్ పెడితే అక్కడికి రాగానే అదే ఆగుతుంది.

పానా_పంతులు
బయల్దేరే ముందు దానికి చార్జింగ్ ఉందో లేదో చూసుకునేవాళ్లకి అది బంగారం. మిగతావాళ్లు బ్యాటరీకి క్లిప్పులు పెట్టే 12 వోల్టుల రకం కొనుక్కోవచ్చు. హ్యాండిల్ దగ్గరుండే చార్జింగ్ సాకెట్‌లో మాత్రం దూర్చొద్దు, అది ఫోన్ కోసం, పంపు లాగే కరెంటుకి ఫ్యూజ్ పోతుంది. ఇంజన్ ఆన్‌లో ఉంచి కొట్టండి, లేకపోతే గాలి నిండి బ్యాటరీ దిగుతుంది. గ్యాస్ సిలిండర్లు, ఆ 16 గ్రాములవి, చూడటానికి ముచ్చటగా ఉంటాయి, బుల్లెట్ వెనక టైర్‌కి ఒకటి చాలదు, అది అయిపోయాక మీ దగ్గర మిగిలేది ఇనుప గొట్టం.
ట్యూబ్‌లెస్ వాళ్లకి ఒక చిక్కుంది. గాలి పూర్తిగా పోయాక దూరం నడిపితే టైర్ అంచు రిమ్ నుంచి లోపలికి జారుతుంది. అప్పుడు ఏ చిన్న పంపుతోనూ అది తిరిగి ఎక్కదు, ఎంత కొట్టినా పక్కల నుంచి గాలి పోతూనే ఉంటుంది. టైర్ చుట్టూ బెల్టో తాడో వేసి మెలిపెట్టి బిగిస్తే అంచులు బయటికి తోసుకుని ఒక్కోసారి పట్టుకుంటాయి. సబ్బు నీళ్లు రాస్తే ఇంకా మేలు. అదీ కాకపోతే ట్యూబ్‌లెస్ టైర్ లోపల మామూలు ట్యూబ్ వేసుకుని ఇంటికి రావొచ్చు.

ఉప్పల్_బుల్లెట్
గాలి లేకుండానే మెల్లగా నడుపుతూ వెళ్లొచ్చు కదా అని మన్ననూరులో ఒకాయన అన్నాడు. నిజమేనా?

అర్ధరాత్రి_డెలివరీ
ట్యూబ్‌లెస్ అయితే నడక స్పీడులో కొంత దూరం లాగొచ్చు, ట్యాంకు మీదికి వంగి కూర్చుని, బరువు ముందుకి వేసి. వెనక ఎవరినీ కూర్చోబెట్టకూడదు. ట్యూబ్ టైర్ అయితే వద్దే వద్దు. టైర్ రిమ్ మీద జారుతుంది, ట్యూబ్ దాంతో పాటు తిరుగుతుంది, వాల్వ్ మాత్రం రిమ్ రంధ్రంలో ఇరుక్కుని ఉంటుంది. మొదలు దగ్గర తెగిపోతుంది. 100 రూపాయల ప్యాచ్ పోయి కొత్త ట్యూబ్ ఖర్చు తగులుతుంది. ముందు చక్రం అయితే ఏ టైర్ అయినా నడపొద్దు, హ్యాండిల్ మన మాట వినదు.

గాలి_గోపురం
టైర్‌లో గడ్డి కుక్కి నడిపారని మా ఊళ్లో చెప్తారు. నిజంగా ఎవరైనా చేశారా?

చేతక్_తాతయ్య
సైకిల్‌కి చేశాం. పాత బట్టలు, గడ్డి దట్టంగా కుక్కి. వీపు సంగతి మాత్రం చెప్పలేను.

చందానగర్_చైన్
స్పోక్ చక్రాన్నే ట్యూబ్‌లెస్ చేసేవాళ్లు ఉన్నారు కదా, లోపల సీలెంట్, టేపు వేసి. దానికేం అంటారు పంతులు గారూ? ఇది కూడా తప్పేనా?

పానా_పంతులు
ఇది మాత్రం మంచి ప్రశ్న. స్పోక్ ఉందంటే ట్యూబే అని లేదు, హిమాలయన్ 450 బైక్‌కి కంపెనీయే 2024లో ట్యూబ్‌లెస్ స్పోక్ చక్రాలు ఇచ్చింది. కానీ ఆ రిమ్ తయారీయే వేరు. ట్యూబ్‌లెస్ రిమ్ లోపల టైర్ అంచు జారకుండా చిన్న గట్టు ఉంటుంది. మామూలు ట్యూబ్ రిమ్‌లకి సాధారణంగా అది ఉండదు. స్పోక్ రంధ్రాలు మూసేసి గాలి నిలబెట్టొచ్చు, వేగంలో గాలి పోయినప్పుడు అంచుని పట్టుకునేది ఏదీ ఉండదు. చేయించుకుని ఏళ్లుగా తిరుగుతున్నవాళ్లు ఉన్నారు, నేను మాత్రం చేయించను.

ఉప్పల్_బుల్లెట్
ఇంతకీ నేను కొనాల్సింది ఏమిటో తేల్చండి. ముందుకి ఒక ట్యూబ్, వెనకకి ఒక ట్యూబ్, రెండూ మోయాలా?

నల్లమల_నడక
ముందు చక్రం ట్యూబ్ ఒక్కటి పెట్టుకుంటే వెనకకి కూడా సరిపెట్టొచ్చని మా గ్రూప్‌లో అంటారు.

పానా_పంతులు
తాత్కాలికంగా అవుతుంది. క్లాసిక్ టైర్ సైజులు ముందు 100/90-19, వెనక 120/80-18, పెద్ద తేడా లేదు, సన్న ట్యూబ్ కాస్త సాగి నిండుతుంది. వెనక ట్యూబ్‌ని ముందు వేస్తే మాత్రం మడతలు పడి ఆ మడతలోనే మళ్లీ చిరుగుతుంది. అలా వేసుకున్నది ఊరు చేరాక మార్చేసుకో, వారం తిరగకు.
మోసే విధానం కూడా చెప్తాను. కొత్త ట్యూబ్‌ని పానాలతో కలిపి సంచిలో పడేస్తే నెలల తరబడి రాపిడికి అక్కడే చిల్లు పడుతుంది, తీరా అడవిలో తీసి చూస్తే రెండు పంక్చర్లు. పౌడర్ చల్లి, గుడ్డలో చుట్టి, విడిగా పెట్టు. సొల్యూషన్ ట్యూబ్ ఒకసారి మూత తీస్తే మన ఎండకి కొన్నాళ్లకి గట్టిపడుతుంది, చిన్నవి రెండు కొని ఒకటి సీలు విప్పకుండా ఉంచు. ప్యాచ్ వేసేటప్పుడు సొల్యూషన్ రాయగానే అతికించొద్దు, తడి ఆరి వేలికి కొంచెం జిగురు తగిలేదాకా ఆగాలి. ఆ నాలుగైదు నిమిషాలు ఆగలేకే సగం ప్యాచ్‌లు ఊడతాయి.
ట్యూబ్ లోపలికి తోసే ముందు కొంచెం గాలి కొట్టు, గుండ్రంగా నిలబడేంత. ఒట్టి ట్యూబ్ తోస్తే లివర్ కింద నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి.

స్కూటీ_అక్క
లివర్లు ఎక్కడ దొరుకుతాయి? ఆన్‌లైన్‌లో వచ్చినవి వంగిపోయాయని ఒకతను రాశాడు.

అర్ధరాత్రి_డెలివరీ
రాణిగంజ్‌లో పనిముట్ల షాపుల్లో చేత్తో పట్టుకుని చూసి కొనండి, బరువుగా ఉండాలి. ట్యూబ్, ప్యాచ్‌లు పుత్లీబౌలిలో.

చందానగర్_చైన్
పంతులు గారూ, ఒక ఆదివారం ఎక్కడైనా కలిసి చూపిస్తారా? నా అల్లాయ్‌కి ప్లగ్ వేయడం కూడా ఎప్పుడూ చేయలేదు.

గాలి_గోపురం
సీలెంట్ ఉందిగా!

చందానగర్_చైన్
నువ్వు ఆగు.

పానా_పంతులు
పాత టైర్ ఒకటి తెండి, దానికే మేకు కొట్టి నేర్చుకుందాం. తుక్కుగూడ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) సర్వీస్ రోడ్డు మీద చెట్ల కింద చోటుంది. పైన మెయిన్ రోడ్డు ఎక్కకండి, బైకులకి అనుమతి లేదు. ఉప్పల్, నువ్వు నీ బండే తీసుకురా, వెనక చక్రం నీ చేతే దింపిస్తాను.

ఉప్పల్_బుల్లెట్
వస్తాను. లివర్లు రెండు చాలా?

పానా_పంతులు
మూడు. రెండు పట్టుకుని ఉంటాయి, మూడోది పని చేస్తుంది. పుత్లీబౌలికి వెళ్లే ముందు టైర్ మీది సైజు ఫోటో తీసుకెళ్లు, లేకపోతే ఏదో ఒకటి అంటగడతారు.

స్కూటీ_అక్క
నేనూ వస్తాను. టీ ఫ్లాస్క్ నాది, పాత టైర్ గోపురం గారిది.